నాలుకకు తగిలిన ఉప్పు

ఈ పొద్దున పడవల రేవు దగ్గర ఆటో దిగగానే స్ప్రే రంగు వాసన ముక్కుకు కొట్టింది. రేవు మెట్ల పక్కన, పట్టుకుని దిగడానికి, ఎక్కడివో పాత ఇనుప కమ్మీలు బిగించి, గరుకు రంగు కొడుతున్నారు. సన్నటి ఇసుక అద్దినట్టు ఆరే రంగు అది. సగం కమ్మీలు అప్పుడే కొత్తవాటిలా తయారయ్యాయి. నాకు ఒళ్ళు మండింది. రంగు పడని కమ్మీని వేలితో రుద్ది, నాలుకకు తాకించుకున్నాను. ఉప్పు.

ఇది నాకు రమణమ్మక్క నేర్పిన పని. కృష్ణపట్నం పోయే దారిలో ఆమెకు రంగుల షెడ్డు ఉండేది. నా చేతికి పని నేర్పింది అక్కడే. గేట్లు, కుర్చీలు, కూలర్ల ప్లాస్టిక్ మూతలు, ఏవి వచ్చినా ఆమెది ఒకటే పద్ధతి. ప్లాస్టిక్‌ను మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే రంగు పొట్టులా లేచిపోతుంది. ఇనుమును తుప్పు గీకి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఆ తర్వాత ఆమె వేలు రాసి నాలుకకు పెట్టుకునేది. సముద్రపు గాలి ఉప్పు ఏమాత్రం తగిలినా మళ్ళీ కడగాల్సిందే, లేకపోతే రంగు కిందే తుప్పు ఇనుమును తినేస్తుంది. మేం విసుక్కుంటే, "పుండు మీద పట్టుచీర కప్పితే మానతాదా?" అనేది.

ఒకసారి ఇదే రేవు కోసం ఒక కాంట్రాక్టరు తుప్పు తినేసిన కమ్మీలను ఆమె దగ్గరికి తెచ్చినాడు.

"గరుకు రంగు కొట్టక్కా, తుప్పు కనపడదు. ఎల్లుండే ఓపెనింగు."

"కనపడదనే కొట్టను. మా ఆడోళ్ళు తడి మెట్ల మీద గంపలతో దిగతారు. కమ్మీ ఊడొస్తే ఏం పట్టుకోవాల?"

అతను వాటిని ఇంకోచోటికి తీసుకుపోయి రంగు కొట్టించాడు. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. ఆ వానల్లోనే చేపలమ్మే కోటమ్మత్త చేతిలోకి కమ్మీ విరిగి వచ్చింది. మెట్ల మీద పడి తుంటి విరిగిన ఆమె మళ్ళీ గంప ఎత్తలేదు. అప్పుడు ఆ పెద్దమనిషి ఏ జంకూ లేకుండా, "రంగు రమణమ్మ షెడ్డుదే, తుప్పు గీకకుండా కొట్టింది" అన్నాడు. ఊరు నమ్మేసింది! ఆ తుప్పు కమ్మీలు తెచ్చిందెవరని ఒక్కరూ అడగలేదు. అక్క ఎంత మొత్తుకున్నా వినలేదు. గేట్లు రావడం ఆగిపోయింది, షెడ్డు మూతపడింది. అక్క పోయేదాకా ఒక్కరంటే ఒక్కరు వచ్చి, తప్పుగా అనుకున్నామని అనలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

"ఏందమ్మా నాకతుండావు? రేపు ఓపెనింగు, పక్కకు జరుగు," అన్నాడు రేవులో రంగు కొడుతున్న మనిషి.

అక్క వాడిన గీకుడు రేకు ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. దాన్ని తీసి, తడి ఆరని రంగు మీద బలంగా గీకాను. ఎర్రటి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. మెట్లెక్కుతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళలో కోటమ్మత్త కూతురు గంప దించి ముందుకొచ్చింది. రంగు పడని కమ్మీ మీద వేలు రాసి, నాలుకకు పెట్టుకుంది.

"ఉప్పే," అంది, రేవంతటికీ వినపడేలా. "రమణమ్మక్క అప్పుడే చెప్పింది."