వరండాలో విప్పిన సోఫా

ఆ ఉదయం నేను కబురు పంపి పిలిపించిన మనిషిని నేనే గుమ్మంలోంచి తిప్పి పంపేశాను. ఇన్నేళ్లయినా దానికి చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకలేదు.

నిజాం మీద పోలీసు చర్య జరిగి రెండు నెలలైంది. సికింద్రాబాద్‌లో బడులు మళ్లీ తెరిచారు. నేను ఎప్పటిలాగే పాఠాలు చెప్పి, అలసిపోయి ఇంటికొచ్చి, ముందు గదిలో కుంగిపోయిన సోఫాలో కూలబడేవాణ్ని. దాన్ని ఎప్పుడు బాగు చేయించాలన్నది మా ఇంట్లో ఏడాదిగా తెగని మాట. గుడ్డ చిరగలేదు కదా అని నేను. చిరిగేదాకా ఆగితే లోపల ఏమీ మిగలదని మా ఆవిడ. వేసవిలో సోఫాలు కుట్టే ముసలి సాయిబును పిలిచి అడిగితే, ఆయన గుడ్డ వైపు చూడనే లేదు.

“గుడ్డతోని ఏం పని సారూ? కూసున్న మనిషి చేతులు ఆన్చి లేస్తున్నడంటే దాని పని అయిపోయినట్టే. జెర మీరు లేవుండ్రి, చూద్దాం.”

నేను రెండు చేతులూ ఆనించి లేచాను. మా ఆవిడ పక్కున నవ్వింది. వానలు వెళ్లాక చేయిద్దామని ఒప్పుకున్నాను. వానలు వెళ్లాయి, కబురు పంపాను.

ఆయన నేరేడ్‌మెట్ నుంచి సూదుల సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చేసరికి, పక్కింటాయన మా వరండాలో కూర్చుని మా పేపరు చదువుతున్నాడు. రైల్వేలో గుమాస్తా. సాయిబును చూసి గొంతు తగ్గించాడు.

“ఏంది మాస్టరూ, ఇంకెవ్వరు దొరకలేదా? రోజులెట్లున్నయో చూస్తలేరా?”

ఆ పని తలుపు వేసుకుని చేసేది కాదు. సోఫాను వరండాలోకి తెచ్చి విప్పాలి. లోపలి కొబ్బరి పీచును చేత్తో విడదీసి రెండు రోజులు ఎండబెట్టాలి. పనిచేసేది ఎవరో వీధి వీధంతా చూస్తుంది. నేను ఆలోచించింది అదొక్కటే.

“ఇప్పుడు వద్దులెండి. ఇంకో రెండేళ్లు ఆగుతుంది,” అన్నాను.

సాయిబు తెరిచి ఉన్న తలుపులోంచి సోఫా వైపు చూశాడు. “ఆగుతదా సారూ?”

“ఆగుతుంది.”

“మంచిది. ఇన్ని నీళ్లు ఇప్పియ్యుండ్రి, పోత.”

మా ఆవిడ నీళ్లిచ్చి, ఆయన గేటు దాటేదాకా నిలబడింది. పక్కింటాయన కూడా వెళ్లాక నా వైపు తిరిగింది.

“రెండు నెలలుగా ఒక్క కుర్చీ పని కూడా దొరకలేదట ఆయనకు. మీ కబురు అందితే ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారట. ఆదివారం చర్చిలో ముందు వరసలోనే కూర్చోండి మీరు!”

శనివారం బడి అయ్యాక నేరేడ్‌మెట్ నడిచాను. ఆయన ఇంటి ముందు కూర్చుని ఎవరిదో గోనెసంచి కుడుతున్నాడు. లేవలేదు.

“తప్పు చేశాను సాయిబు గారూ. భయపడ్డాను.”

“భయం ఎవ్వరికి లేదు సారూ? మీ గల్లీకి నేను సుత భయపడుకుంటనే వచ్చిన.”

సోమవారం రమ్మని అడిగాను. అడిగి ఊరుకున్నా బాగుండేది. “పెరట్లో చేసుకుందాం, అక్కడ మీకు తీరిగ్గా ఉంటుంది,” అని కూడా అన్నాను.

ఆయన సూది ఆపి నన్ను చూశాడు. “పెరట్ల ఎండ యాడుంటది సారూ?”

క్షమాపణ చెబుతూ కూడా ఆయన్ని దాచిపెట్టాలనే చూశానని నాకు అప్పుడు తెలిసింది. “వరండాలోనే చేద్దాం,” అన్నాను.

నాలుగు రోజులు పట్టింది. సాయంత్రాలు నేనూ మెట్ల మీద కూర్చుని పీచు విడదీశాను. వేళ్లు గీరుకుపోయాయి.

“ఏంది మాస్టరూ, కొత్త నౌకరీనా?” అన్నాడు పక్కింటాయన.

“ఆ రోజు సోఫా ఇంకా ఆగుతుందని మీ ముందు అబద్ధమాడానండీ. ఈయన్ని పిలిపించింది నేనే.”

ఆయన తన ఇంట్లోకి పోయాడు. తర్వాత కూడా చాలా రోజులు మా పేపరు కోసం రాలేదు.

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక ముసలాయన్ని వెంటబెట్టుకుని, నాకు తెలిసిన మూడు ఇళ్లకు వెళ్లి పని అడిగాను. రెండు ఇళ్లలో తర్వాత చూద్దామన్నారు. ఆ మాట ఎట్లా అంటారో నాకు తెలుసు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను. మూడో ఇంట్లో ఒక చేతుల కుర్చీ ఇచ్చారు. దాన్ని నేరేడ్‌మెట్ దాకా చెరోవైపు పట్టుకుని మోశాం.