చెమట పడితే జ్వరం దిగినట్టేనా?

మా ఇంట్లో జ్వరానికి ఒకటే పరీక్ష. చెమట పడితే తగ్గినట్టు, పట్టకపోతే లోపలే ఉన్నట్టు. థర్మామీటరు బీరువాలో పడి ఉంటుంది గానీ దాని మాట ఎవరూ వినరు.

మా ఆయన తెనాలిలో మోటార్లకు వైండింగ్ చేస్తారు. పోయిన వానాకాలం నుంచి సాయంత్రమయ్యేసరికి ఆయన ఒళ్లు కాలిపోయేది. తెల్లారేసరికి బనియను పిండితే నీళ్లు కారేవి. రేపల్లె నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తమ్మ ఆ బనియను తడిమి చూసి, "అల్లా దయ, చెమట పట్టింది. దిగిపోయిందిలే" అనేది. ఆ సంతోషం చూస్తే నాకు ఒళ్లు మండేది.

"రోజూ దిగిపోతే మళ్లీ రోజూ ఎక్కణ్ణుంచి వస్తోంది అత్తమ్మా?"

"నువ్వు మరీ కంగారు పెట్టకే" అని కసిరేది. ఆయనేమో "అమ్మీ చెప్తోందిగా" అంటూ, పెట్టిన అన్నం సగం వదిలేసి, కాళ్లు గోక్కుంటూ షాపుకి పోయేవారు. ప్యాంటు జారుతోందని బెల్టుకి కొత్త బెజ్జం కూడా పొడుచుకున్నారు. తెనాలిలో చూపించాం, బాపట్లలో చూపించాం. పొద్దున డాక్టరు చెయ్యి పట్టుకునేసరికి ఆయన ఒళ్లు చల్లగా ఉండేది. అబద్ధం చెప్తున్నదాన్ని నేనే అయ్యేదాన్ని.

చివరికి మెడ పక్కన గడ్డ చేతికి తగిలింది. ముక్క తీసి పరీక్ష చేసి, లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ అన్నారు గుంటూరు డాక్టరు.

"ఈ రకం గడ్డలో చెడ్డ కణాలు కొన్నేనమ్మా. అవి కబురు పంపితే వచ్చి చేరిన మంచి కణాలే ఎక్కువ. ఆ కబురు మోసే పదార్థాల్ని సైటోకైన్లంటాం. జ్వరం, చెమట, ఆకలి చచ్చిపోవడం, ఎక్కువగా వాటివల్లే."

"అయితే చెమట పడితే తగ్గినట్టు కాదాండి?"

"కాదమ్మా. జబ్బు దాని పని అది చేసుకుపోతున్నట్టు."

నాకు జబ్బు మీద కంటే ఆ మంచి కణాల మీద ఎక్కువ కోపం వచ్చింది. కాపలా కాయాల్సినవి, పిలిచిందెవరో చూసుకోకుండా, పరామర్శకొచ్చి టీ తాగే చుట్టాల్లా పోయి కూర్చున్నాయి. ఇంటికొచ్చి అత్తమ్మకి అంతా విడమరిచి చెప్పాను. వింది.

మొదటిసారి మందు ఎక్కించి వచ్చాక, ఒక పొద్దున ఆవిడ కేక వినిపించింది. "చెమట పట్టలేదేంటే! జ్వరం లోపలే ఉండిపోయింది, దుప్పటి తే!"

థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. ఇన్నాళ్లూ మింగిన కోపమంతా పైకొచ్చింది. ఆవిడ చెయ్యి లాగి ఆయన వీపు మీద పెట్టి, "పొడిగా ఉంది చూడండి! ఇదే మనకి కావలసింది!" అని అరిచాను.

ఆయన కళ్లు తెరిచి, "అరుపులు తర్వాత. ఆకలేస్తోంది, ఏమన్నా పెట్టండి" అన్నారు.

ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో! నేను వంటింట్లోకి పరిగెత్తాను. టిఫిన్ తెచ్చేసరికి కూడా అత్తమ్మ ఆ వీపు మీంచి చెయ్యి తీయలేదు.