మీకా పాఠం చెప్పిన రోజు

కోట మండలంలోని మా ఊరి చర్చిలో ఆడవాళ్ల బైబిల్ క్లాసు నేనే చెప్పేదాన్ని. పోయిన ఏడాది చిన్న ప్రవక్తల పాఠాలు, అంటే బైబిల్లో చిన్న పుస్తకాలున్న ప్రవక్తలవి, మొదలుపెట్టాను. నా అంత బాగా చెప్పేవాళ్లు లేరని నాకో గర్వం.

ఒక ఆదివారం మీకా ప్రవక్త పాఠం. పేదల పొలాలు లాక్కునే పెద్దమనుషుల్ని ఆ ప్రవక్త ఎలా కడిగేశాడో గొంతు పెంచి మరీ చెప్పాను. క్లాసు చూడ్డానికి వచ్చిన మా సంఘపెద్ద, రొయ్యల గుంటల ఆసామి, తన్మయంగా తల ఊపుతున్నాడు.

క్లాసులో కూర్చున్న మరియమ్మక్క లేచింది. "అట్టాంటోళ్లు ఇప్పుడు గూడా ఉండారామ్మా?"

సంఘపెద్ద గుంటల ఉప్పునీళ్లకే ఆమె వరి మడి మాడిపోయిందని, ఇప్పుడా మడి తనకే అమ్మమని ఆయన వేధిస్తున్నాడని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"అది ఆ కాలపు ఇశ్రాయేలు వాళ్ల సంగతక్కా" అన్నాను.

"అయితే నా మడిలోకి ఉప్పునీళ్లు వదిలింది గూడా ఇశ్రాయేలోళ్లేనా?"

సంఘపెద్ద మొహం కందిపోయింది. "టైమయింది, పాటందుకోమ్మా" అన్నాడు. సిగ్గులేకుండా అందుకున్నాను. మరియమ్మక్క బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు వాళ్లింటికెళ్లి క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? ఎమ్మార్వో ఆఫీసులో చెప్పమ్మా" అంది.

ఆమెతో వెళ్లి, ఆయన గుంటల నీళ్లు మడిలోకి రావడం చూసింది చూసినట్టు చెప్పొచ్చాను. తర్వాతి ఆదివారం నుంచి క్లాసు చెప్పడానికి రావద్దని చర్చి పెద్దల నుంచి నాకు కబురొచ్చింది. పిరికిదానిలా మాట దాటేసినన్నాళ్లూ నేను వాళ్లకు మంచి టీచర్నే మరి!