ముందు ప్రశ్నలు చదవమన్న పిన్ని

మొన్న ఆదివారం మా అమ్మాయి ఏలూరు నుంచి వచ్చింది. అక్కడ బ్యాంకులో పని చేస్తుంది. వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన చేరి కబుర్లు చెప్పడం దానికి అలవాటు. ఆ రోజు మాత్రం ఎదురింటివాళ్ళ పాప పుస్తకం పట్టుకుని మా వరండాలో దిగింది. అయిదో తరగతి చదువుతోంది, గవర్నమెంటు హాస్టలు స్కూల్లో ఆరో తరగతి సీటుకి ప్రవేశ పరీక్ష రాస్తుందట. నేను లోపల మంచం మీద ఒక చెవి అటు పడేసి పడుకున్నాను. "పాఠం తర్వాత చదువుదువుగాని. ముందు కిందున్న ప్రశ్నలు చదువు. ఏం వెతకాలో తెలిస్తే కదా దొరికేది," అంటోంది మా అమ్మాయి. "నీకెవరు చెప్పారక్కా ఇలాగని?" అని అడిగింది ఆ పిల్ల. "మా పిన్ని," అంది మా అమ్మాయి. ఒక్క మాటే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాటకి నా కడుపులో ఎక్కడో అగ్గిపుల్ల గీసినట్టయింది. గోడ వైపు తిరిగి పడుకున్నానే గాని నిద్ర పట్టలేదు.

పిన్ని అంటే మా మరిది భార్య, నా తోడికోడలు. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా గురించి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. మాది నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో ఒక ఊరు. పెరటి గేటు తీస్తే మామిడి తోటే. ఈ ఇంటికి నేను హనుమాన్ జంక్షన్ నుంచి కోడలుగా వచ్చాను. మా నాన్నకి అక్కడ లారీల స్పేరు పార్టుల కొట్టుండేది. పొద్దున్నే కొట్టు తీసి, బండి బాగయ్యేదాకా బల్లల మీద కూర్చున్న డ్రైవర్లందరికీ వినబడేలా ఆయన పేపరు చదివేవాడు. ఆయన గొంతే నాకూ వచ్చింది. డిగ్రీ మధ్యలో ఆపి పెళ్ళి చేశారు. ఇక్కడికొచ్చేసరికి మా మామగారికి చత్వారం. రోజూ నా చేత పేపరు చదివించుకునేవారు. తోట బేరానికి వచ్చిన వ్యాపారులను కూడా కూర్చోబెట్టి, "మా పెద్ద కోడలు చదువుతుంటే రేడియోలో వార్తలు విన్నట్టుంటుందండీ," అనేవారు. ఆ మాట మీద నేను చాలా ఏళ్ళు హాయిగా బతికాను. ఇంట్లో చదువుకున్న కోడలంటే నేనే.

తర్వాత మా మరిదికి చింతలపూడి సంబంధం కుదిరింది. అమ్మాయి బీయెడ్ చేసింది, పెళ్ళికి ముందు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పింది. సన్నగా ఉండేది, మెల్లగా మాట్లాడేది, పొద్దున నాకంటే ముందే లేచి పాలు కాచి పెట్టేది. ఆమెలో నాకు నచ్చనిదేమిటంటే, నచ్చకపోవడానికి ఏమీ దొరక్కపోవడం. ఏదైనా ఒక తప్పు దొరికితే మనసుకి కాస్త ఆసరాగా ఉంటుంది కదా. ఉప్పు కూడా సరిగ్గా వేసేది.

మా అమ్మాయి అయిదో తరగతికి వచ్చిన ఏడాది, స్కూల్లో హెడ్మాస్టరు గారు మా ఆయన్ని పిలిచి, "పాప చురుగ్గా ఉంది, ఆ ప్రవేశ పరీక్ష రాయించండి," అన్నారట. నమూనా పుస్తకం కొనుక్కొచ్చాం. లెక్కలు మా ఆయన చూసుకుంటానన్నారు. తెలుగు పాఠాలు చదివి జవాబులు పెట్టడం, మాటల మధ్య సంబంధం కనిపెట్టడం, గుంపులో చేరని మాటను పట్టుకోవడం, ఇవన్నీ నావి. ఇంకెవరివి? సాయంత్రం నాలుగింటికి టీ తాగి, వరండాలో చాప వేసి, మా నాన్న పేపరు చదివినట్టు పాఠం మొదటి నుంచి చివరిదాకా గొంతు పెంచీ తగ్గించీ చదివి వినిపించేదాన్ని. ఒకసారి తప్పిపోయిన మేకపిల్ల పాఠం వచ్చింది. నేను చదివిన చదువుకి మా అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు గర్వంగా అనిపించింది. అయితే ఆ మేకపిల్ల చివరికి దొరికిందో లేదో పుస్తకంలో లేదు. "దొరికిందా అమ్మా? తోడేలు తినేసిందా?" అని ఇది ఒకటే గోల. ప్రశ్నలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇచ్చిన టైములో సగం పేపరు కూడా కాలేదు.

ఆ గోల విని తోడికోడలు గుమ్మంలోకి వచ్చింది. చంకలో పిల్లాడు. అప్పటికి వాడికి ఇంకా అడుగులు పడలేదు. "అక్కా, నేనొకసారి చూడనా?" అంది. కాదనడానికి కారణమేదీ తట్టక "చూడమ్మా," అన్నాను. ఆమె పిల్లాణ్ణి నా చేతికిచ్చి చాప మీద కూర్చుంది. అలా మొదలైంది. నాలుగింటికి నా కూతురు ఆమె దగ్గరకి, ఆమె కొడుకు నా దగ్గరకి. ఎవరూ అనుకుని చేసుకున్న ఏర్పాటు కాదు గానీ, నిశ్చితార్థంలో తాంబూలాలు మార్చుకున్నంత పక్కాగా స్థిరపడిపోయింది.

ఆమె చెప్పే పద్ధతి నా పద్ధతికి పూర్తిగా తలకిందులు. పాఠం జోలికే పోనిచ్చేది కాదు. ముందు ప్రశ్నలు చదివించేది, ఒక్కో ప్రశ్నలో అసలు మాట కింద పెన్సిలుతో గీత గీయించేది. ఆ తర్వాతే పాఠం. "జవాబు నీ బుర్రలో లేదమ్మా, కాగితం మీదుంది. ఎక్కడుందో వేలు పెట్టి చూపించు," అనేది. వేలు పెట్టలేకపోతే ఆ జవాబు కొట్టేయమనేది. తెలియని మాట వస్తే భయపడకుండా దాని ముందు వాక్యం, తర్వాత వాక్యం చదవమనేది. పాఠానికి పేరు పెట్టమంటే ఒక్క ముక్కకే సరిపోయే పేరు కాకుండా మొత్తం కప్పే పేరు వెతకమనేది. జవాబుల్లో 'ఎప్పుడూ', 'అందరూ', 'మాత్రమే' అని ఉంటే ఒకటికి రెండుసార్లు చూడమనేది. నేను పిల్లాడికి ఉగ్గు పెడుతూ ఇదంతా వింటూ, "మా అమ్మాయికి ఎప్పుడూ పిన్నే కావాలి" అనుకునేదాన్ని. అనుకున్న వెంటనే ఆ 'ఎప్పుడూ' దగ్గర ఆగిపోయేదాన్ని. నా మనసులో నేను కుళ్ళుకునేటప్పుడు కూడా ఆమె పాఠమే అడ్డొచ్చేది. అది ఇంకా మంటగా ఉండేది.

ఒకరోజు గుంపులో చేరని మాట ప్రశ్న వచ్చింది. టీచరు, డాక్టరు, కలెక్టరు, మామిడి. మా అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "కలెక్టరు మామిడికాయే కదా పిన్నీ. అప్పుడు టీచరూ డాక్టరూ ఒక జట్టు, కలెక్టరూ మామిడీ ఒక జట్టు. ఇంక వేరేది ఏముంది?" అంది. మా తోటలో గట్టు వెంబడి ఉన్నవన్నీ కలెక్టరు రకం మామిడి చెట్లే మరి. ఆమె పకపకా నవ్వి, దాన్ని దగ్గరికి లాక్కుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. "మూడింటికి కుదిరే మాట ఒకటి వెతుకు. అది ఎవరికి కుదరదో వాళ్ళే బయటికి," అంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నా కూతురు నాతో చదివినప్పుడు ఏడిచింది, ఆమెతో చదివినప్పుడు నవ్వుతోంది. ఆ తేడా చూశాక రాత్రి కూరలో కారం కాస్త ఎక్కువైంది. మా అత్తగారు మంచినీళ్ళు తాగుతూ నా వైపు ఒకసారి చూశారు.

నేను నోరు తెరిచింది ఒకే ఒక్కసారి. ఆ రోజు పాఠం మామిడి పండ్ల గురించే. రైతు పండ్లు చెట్టు మీదే పూర్తిగా పండేదాకా ఆగి కోస్తాడని అందులో రాశారు. రైతు పండ్లు ఎప్పుడు కోస్తాడు అని ప్రశ్న. మా అమ్మాయి, కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోస్తాడు అనేదానికి టిక్కు పెట్టింది. తోడికోడలు దాన్ని తప్పు కొట్టింది. నేను పిల్లాణ్ణి భుజం మీద వేసుకుని లేచి నిలబడ్డాను.

"తప్పేంటి? మన తోటలో పక్వానికొచ్చిన కాయ కోసి గడ్డిలో మాగేస్తాం గానీ, చెట్టు మీద పండితే చిలకలకేగా మిగిలేది! పిల్ల రాసిందే రైటు."

"రైటే అక్కా. కానీ మార్కు రాదు."

"ఆ పుస్తకం రాసినోడు ఎప్పుడన్నా తోట ముఖం చూశాడా?"

"చూసుండడక్కా. వాడితో మనకేం పని? వాడు ఏం రాశాడో అదే అడుగుతున్నాడు."

నేను ఇంకేదో అనబోతుంటే మా అమ్మాయి తలెత్తి, "అమ్మా, పరీక్షలో మన తోట ఉండదు," అంది.

ఎంత మెల్లగా అందో. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నట్టుగా, నేనే చిన్నపిల్లనైనట్టుగా. వాళ్ళ పిన్ని గొంతే అది. నేను పిల్లాణ్ణి తీసుకుని తోటలోకి వెళ్ళిపోయాను. వాడు నా జడ పట్టుకుని లాగుతుంటే, "నువ్వన్నా నా వైపు ఉండరా," అన్నాను. వాడికి ఏం అర్థమైందో గానీ భుజం మీద తల వాల్చాడు.

మరునాడు ఆమే నా దగ్గరకొచ్చింది. "అక్కా, పాఠం మీరు చదివి వినిపించండి, ప్రశ్నలు నేనడుగుతాను. మీ గొంతుతో వింటే దానికి బాగా ఎక్కుతుంది," అంది. నా మనసు తెలుసుకుని నాకోసం చోటు జరిపింది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. నా కూతురి పక్కన నాకు చోటివ్వడానికి ఈమెవరు? అయినా కూర్చున్నాను, చదివాను. ఆమె మాట నిజమే, ఆ తర్వాత మా అమ్మాయి టైములో పేపరు ముగించడం మొదలుపెట్టింది. మా ఆయన అందరికీ, "మా తమ్ముడి భార్య భలే తయారు చేస్తోందండీ," అని చెప్పేవారు. పాఠం చదివేది ఎవరో చెప్పేవారు కాదు.

పరీక్ష నూజివీడులో. తోటలు పూత మీదున్న రోజులు, బస్సు కిటికీలోంచి దారి పొడుగునా ఆ వాసనే. ముందు రోజు నుంచీ పిల్లాడికి జ్వరం, అందుకని తోడికోడలు రాలేకపోయింది. బయటికి చెప్పలేదు గానీ ఆ రోజు మా అమ్మాయి పూర్తిగా నాదైంది. తల దువ్వాను, పెన్సిళ్ళు చెక్కాను, గేటు దగ్గర నుదుట ముద్దు పెట్టాను. ఎండలో తల్లిదండ్రుల గుంపులో నిలబడి, అది పరిగెత్తుకుంటూ వచ్చి ఏం చెబుతుందో, నేనేమనాలో అన్నీ ఊహించుకున్నాను. అది పరిగెత్తుకుంటూనే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఫోనివ్వు. పిన్నితో మాట్లాడాలి," అంది.

ఇచ్చాను. ఇవ్వకేం చేస్తాను? అట్ట మీద గోరుతో గీతలు గీస్తూ, ఏ పాఠం వచ్చిందో, ఎక్కడ వేలు పెట్టి చూసుకుందో, ఏది వదిలేసి ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చిందో అంతా ఆమెకే చెప్పింది. నేను పక్కన నిలబడి, ఫోను ఇవతలి వైపు మాటలతో నా కూతురి పరీక్ష ఎలా జరిగిందో తెలుసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి తోడికోడలు గుమ్మంలోనే ఉంది, చంకలో పిల్లాడు. జ్వరం తగ్గింది గానీ ముఖం వాడిపోయి ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ చాచి "పెమ్మా" అన్నాడు. పెద్దమ్మా అన్నమాట. వాడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. నా మీదకి దూకి మెడ కరుచుకున్నాడు. ఆమె ఖాళీ చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

"పొద్దున్నుంచీ మీకోసమే ఏడుపక్కా. నేనెత్తుకుంటే ఊరుకోడు," అంది. వాడి వీపు నిమురుతూ, "మాటొస్తే ముందు అమ్మా అంటాడనుకున్నాను," అంది. "మీరు అన్నం పెడితే తింటాడు. నేను పెడితే ఉమ్మేస్తాడు. రోజూ చూస్తున్నాను. ఏమనగలను?"

అప్పుడు నేను జాలిపడ్డానని రాస్తే బాగుంటుంది. జాలి తర్వాత వచ్చింది. ముందు మాత్రం సంతోషమేసింది. ఆమెకి కూడా మంటేనన్నమాట! ఇన్నాళ్ళూ నచ్చకపోవడానికి ఏమీ దొరకని మనిషిలో నాలాంటి మనిషే ఒకతె ఉంది. "ఊరుకోవే," అన్నాను. ఆమెను 'ఏమే' అనే చనువుతో పిలిచింది అదే మొదలు. "నీ కూతురు బ్రహ్మాండంగా రాసిందిట, వచ్చి విను. నా కొడుక్కి నేను పాలు పట్టుకొస్తాను." ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. కడుపుమంట దాంతో పోలేదు గానీ, ఆ రోజు నుంచి ఇద్దరం దాచుకోవడం మానేశాం.

సీటొచ్చింది. ఊరంతా ఇంటికొచ్చి అభినందించింది. కోతలు ముగిసి, వానలు మొదలయ్యాక, ట్రంకు పెట్టె సర్దుతుంటే గాని నాకు తట్టలేదు. ఇద్దరం ఒకరితో ఒకరం పోటీలు పడి పిల్లను తయారు చేసింది ఇంట్లోంచి పంపేయడానికని. నేను బట్టలు మడతపెడుతున్నాను, ఆమె వాటి మీద పేరు కుడుతోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మొదటిసారి చూడ్డానికి అనుమతిచ్చిన ఆదివారం మామిడి తాండ్ర మూట కట్టుకుని ఇద్దరం వెళ్ళాం, పిల్లాణ్ణి కూడా తీసుకుని. మా అమ్మాయి దూరం నుంచి మమ్మల్ని చూసి పరుగు తీసింది. నేను ఒక అడుగు ముందుకేశాను. నాకు తెలుసు, పక్కన ఆమె కూడా వేసింది. అది మా ఇద్దరి మధ్యలోంచి దూరి, చీర కొంగు పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పింది. వాడు కేరింతలు కొడుతున్నాడు. వాడి మీద ఆ క్షణంలో మా ఇద్దరికీ ఒకేసారి పుట్టిన అసూయ చూసుకుని, అక్కడే నిలబడి ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. వదలలేదు.

ఇప్పుడు ఆ పిల్లాడు కూడా బెజవాడలో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఫోను చేస్తే ముందు నాతోనే మాట్లాడతాడు, అవతల గదిలో ఆమె గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి మాత్రం టీ కలుపుకొచ్చి నా పక్కనే కూర్చుంటుంది. ఎవరికోసం ఒకరినొకరం ఓర్చుకోలేకపోయామో ఆ పిల్లల్ని కాలం వేరే ఊళ్ళకి తీసుకుపోయింది. ఎవరిని ఓర్చుకోలేకపోయానో ఆ మనిషిని నాకు ఉంచింది.