వాసన పోయేదాకా

మల్లిక ఏం చదువుతుందని కేతేపల్లిలో ఎవరినడిగినా ఒకటే మాట: గ్యాసు పట్టే మిషన్ తయారుచేస్తోందట. మిషనూ లేదు, మన్నూ లేదు. నేను ఈ ఊరి బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ఆ పిల్లకు తొమ్మిదో తరగతిలో పాఠం చెప్పినదాన్ని. ఎంతమందికని విడమరిచి చెప్పను? నాకసలే ముక్కు మీద కోపం. చెప్పి చెప్పి విసుగొచ్చి చివరికి రాయడానికి కూర్చున్నాను.

ఆమె చేసేది ఇదీ. పెన్సిలుతో రాస్తే కాగితం మీద నల్లగా అంటుకునేది కార్బనే. ఆ నలుపును పొర తర్వాత పొర ఒలుచుకుంటూ పోతే, చివరికి ఒక్క పరమాణువు మందాన తేనెపట్టు గళ్ళలాంటి రేకు మిగులుతుంది. దాన్ని గ్రాఫీన్ అంటారు. మల్లిక ఆ రేకును చేత్తో ముట్టుకున్నది లేదు. నల్గొండ యూనివర్సిటీలో కంప్యూటరు ముందు కూర్చుని లెక్కల్లోనే దాన్ని అల్లుతుంది. దాని మీద ఒక విషవాయువు అణువును పెట్టి, అతుక్కుంటుందా, జారిపోతుందా, అతుక్కుంటే రేకులో కరెంటు పారే తీరు మారుతుందా అని చూస్తుంది. ఒక్కో లెక్క రోజుల తరబడి నడుస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ కష్టమంతా గంగపాలు. ఆ లెక్కలు పట్టుకుని ఎక్కడో ఎవరో ఒకనాటికి పరికరం చేస్తారు. చెయ్యకపోనూ వచ్చు.

ఆమె ఎంచుకున్న వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. సెప్టిక్ ట్యాంకుల్లో పుడుతుంది. ఆమె తండ్రి సాల్మన్‌ను చంపింది అదే.

సాల్మన్‌కు ఊళ్ళో గుంట భూమి లేదు. తెలంగాణ వచ్చి, యాదగిరిగుట్ట మీద గుడిని కొత్తగా కట్టడం మొదలయ్యాక కింద లాడ్జీలు పుట్టుకొచ్చాయి. లాడ్జీలకు గుంతలుంటాయి, గుంతల్లోకి దిగడానికి మనుషులు కావాలి. ఆ పని ఎవరి వాటాకు వస్తుందో నేను చెప్పాలా? సాల్మన్ దిగేవాడు, అతని జోడీ కురుమయ్య పైనుంచి బకెట్ లాగేవాడు. వాళ్ళకొక పద్ధతి ఉంది, ముందువాళ్ళు నేర్పినది. మూత తీయగానే గుప్పుమంటుంది. ఆ పక్కనే కూర్చుని చాయ్ తాగుతారు. మెల్లగా వాసన పోతుంది. వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టే, ఇక దిగొచ్చు.

ఆ రోజూ అట్లాగే కూర్చున్నారు. హైదరాబాదు నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒకామె అటుగా పోతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వాంతి వచ్చినట్టు పరుగు తీసింది. పట్నపోళ్ళకు గాలి కూడా వాసనేనని సాల్మన్ నవ్వాడట. ఇంకెక్కడి వాసన, ఎప్పుడో పోయిందని కురుమయ్యా నవ్వాడు. సాల్మన్ దిగాడు. రెండో బకెట్ పైకి రాలేదు. పిలిస్తే పలకలేదు. కురుమయ్య కూడా కాలు లోపల పెట్టబోతే లాడ్జీ వంటమనిషి రెక్క పట్టి లాగాడు. ఫైరింజను వాళ్ళొచ్చి సాల్మన్‌ను బయటికి తీశారు.

ఆ వాయువు కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. ఎక్కువగా ఉంటే ఆ కాసేపు కూడా పట్టదు. గ్యాసు ఎక్కడికీ పోదు, దాన్ని పసిగట్టే శక్తే మనలోంచి పోతుంది. ఇది పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో ఉంటే ఎవరికి లాభం?

మల్లిక అప్పుడు నల్గొండలో డిగ్రీ చదువుతోంది. వచ్చింది, సమాధిలో పిడికెడు మట్టి వేసింది, ఇంటికొచ్చి అంట్లు తోమింది. కన్నీటి చుక్క రాలలేదు. ఆడది కాదు బండరాయి అని తలా ఒక మాట అన్నారు. నాకు ఒళ్ళు మండి, ఏడిస్తే చూసిపోదామని వచ్చారా అని అందరినీ లేపి పంపించాను. పంపించాను గానీ నాకూ భయమేసింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏం మాట్లాడినా రేడియోలో వార్తలు చదివినట్టే ఉండేది. పెట్టింది తినేది, అడిగినదానికి జవాబిచ్చేది. ఎమ్మెస్సీ అయింది, పీహెచ్‌డీలో చేరింది. అట్లాగే ఉంది.

మొన్న ఎండాకాలం ఊరికొచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని నాతో పాటు పల్లికాయ ఒలుస్తూ తన లెక్కల సంగతి చెప్పింది. ఉత్త రేకు మీద వాయువు నిలవదు. ఒక కార్బన్ పరమాణువును తీసి ఆ జాగాలో లోహపు పరమాణువును పెడితే గట్టిగా పట్టుకుంటుంది. ఎంత గట్టిగా పడితే అంత మంచిదని వాళ్ళ సారు సంబరపడ్డాడట. ఈమెకు నచ్చలేదు.

"గంత గట్టిగ పట్టుకుంటే మళ్ల వదలది టీచర్. ఒక్కసారి నిండితే ఊకుంటది. ఇగ గ్యాసు ఎంతొచ్చినా చెప్పది," అంది. ఇంకో రెండు కాయలు ఒలిచి, "బాపు ముక్కు లెక్క," అంది.

నేను చేతిలో కాయను పక్కన పెట్టేశాను. ఆమె మాత్రం ఒలుస్తూనే ఉంది. మెల్లగా పట్టుకుని, కబురు చెప్పి, వదిలేసే రేకు కావాలట. దానికోసం వెతుకుతోందట.

వెతుకులాట ఎన్నేళ్ళయినా సాగొచ్చు, ఇంట్లో వాళ్ళ ప్రాణం అన్నాళ్ళు ఆగదు. తండ్రి పోయాక మల్లిక తమ్ముడు విజేందర్ చదువు మానేసి కురుమయ్యతో కలిశాడు. ఇప్పుడు కిరాయికి తెచ్చిన ట్యాంకరుంది, పైపు పెట్టి నీళ్ళు గుంజుతారు. అడుగున గట్టిపడిన మడ్డి మాత్రం పైపుకు రాదు. దానికి మనిషే దిగాలి, విజేందరే దిగుతున్నాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి తల్లి ఎస్తేరుకు కంటి మీద కునుకు లేదు. చర్చిలో పాస్టరు కూడా మన బిడ్డ మిషన్ చేస్తోందని ప్రార్థన పెట్టించాడాయె. ఆమె ఆశంతా దాని మీదే.

"నీ మిషన్ ఎప్పుడొస్తది బిడ్డా? మీ తమ్మునికి అందుతదా?" అని నా ముందే అడిగింది.

అందదని చెప్పింది మల్లిక. వాడు ఈ పని చేసినన్నాళ్ళలో రాకపోవచ్చు, అసలే రాకపోవచ్చు అంది. ఆ వార్తలు చదివే గొంతుతోనే. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. ఎస్తేరు కూతురి మొహంలోకి చూసి, అయితే నువ్వే పోయి ఆపు అంది. పొద్దున్నే మల్లిక గుట్టకు పోయే బస్సెక్కింది.

అక్కడ జరిగింది కురుమయ్య చెప్పాడు. అదే లాడ్జీ. అదే గుంత. కూలికి పోయేవాడు గుంతను ఎంచుకోగలడా? నీళ్ళు గుంజడం అయిపోయింది. దిగే మూత తెరిచి ఉంది, అవతలి కొసన పైపు పెట్టే చిన్న కంత కూడా తెరిచే ఉంది. విజేందర్ చాయ్ తాగి తలకు తువ్వాల చుట్టుకుంటున్నాడు. ఆటో దిగి సందులోకి వచ్చిన మల్లిక గబుక్కున చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

విజేందర్ నవ్వాడు. "యూనివర్సిటీ ముక్కాయె! గదెప్పుడో పోయిందక్కా, నేను దిగుతున్న."

కొంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తిన ఆ పట్నపామె అన్నేళ్ళ తర్వాత అప్పుడే కురుమయ్యకు గుర్తుకొచ్చిందట. తమకు రాని వాసన ఇప్పుడే వచ్చిన మనిషికి ఎందుకొస్తోందని ఆనాడు ఒక్కరూ అనుకోలేదు. మల్లిక ఇనుప మూతను ఈడ్చుకొచ్చి గుంత మీద వేసి, దాని మీద కూర్చుంది.

లాడ్జీ ఓనరు అరిచాడు. గదులన్నీ నిండి ఉన్నాయి, మడ్డి తీయకపోతే రేపటికల్లా పైకి తన్నుతుంది. విజేందర్ ముందు బతిమాలాడు, తర్వాత కోపమొచ్చి రెక్క పట్టి లాగాడు. ఆమె కదల్లేదు.

"గా దినం ఎవలన్న గిట్ల కూసుంటే బాపు బతికెటోడు," అంది.

విజేందర్ చెయ్యి వదిలేశాడు. ఓనరు తిట్టుకుంటూ లోపలికి పోయాడు. ఎండెక్కింది. మూత కాలుతున్నా ఆమె లేవలేదు. చివరికి విజేందరే తువ్వాల విప్పి, మడిచి, ఆమె పక్కన అదే మూత మీద కూర్చున్నాడు.

"అక్కా, నీకింకా వాసనొస్తాందా?"

మల్లిక చున్నీ తీసేసి గట్టిగా ఊపిరి పీల్చింది.

"వస్తలేదు," అంది. "గందుకే లేస్తలేను."