కొబ్బరికాయ నీది

బాన్సువాడ మార్కెట్ యార్డు వెనక రేకుల కప్పు కింద ఒక తాలీం ఉంది. కుస్తీ నేర్పే చోటును అక్కడ తాలీం అంటారు. గోడకు సిందూరం పూసిన ఆంజనేయస్వామి, స్వామి ఎదుట మట్టి గుంట, మూలకు ఎత్తడానికి రెండు రాతి గుండ్లు. అంతే. తెల్లవారకముందే అక్కడికి వచ్చే పదిమందిలో అందరికన్నా ముందు వచ్చేవాడు హన్మంతు. రైసుమిల్లులో హమాలీ. వయసు నలభై ఒకటి. స్వామికి దీపం పెట్టేదీ అతనే, మట్టి తవ్వేదీ అతనే.

ఎనిమిదేళ్ల కిందటి హన్మంతును ఎరిగినవాళ్లు ఇప్పుడు చూస్తే పోల్చుకోలేరు. అప్పట్లో మధ్యాహ్నం కాకముందే కల్లు దుకాణంలో కూర్చునేవాడు. ఒకనాడు లారీ ఎక్కించబోతూ బస్తాతో సహా బోర్లా పడ్డాడు. తోటి హమాలీలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మిల్లు ఎదురుగా పంక్చర్ల దుకాణం నడిపే శివప్రసాద్ మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి, పడినవాడి ముఖం కడిగాడు. ఆయనే తాలీం ఉస్తాదు.

"రేపు పొద్దుగాల తాలీంకు రా. కుస్తీ పట్టెటందుకు కాదు. మట్టి తవ్వెటందుకు."

ఆ తాలీం పద్ధతే అది. కొత్తగా వచ్చినవాడు నలభై రోజులు మట్టి తవ్వాలి. గులకరాయి కనబడితే ఏరాలి. పసుపు, మజ్జిగ, నూనె పోసి కాళ్లతో కలియదొక్కాలి. ఎవరి మీదా చెయ్యి వేయకూడదు. హన్మంతు మొదటివారం చేతులు బొబ్బలెక్కి ఏడ్చాడు. రెండోవారం కల్లు వాసన లేని చెమట పట్టింది. నలభయ్యో రోజున భార్య మహేశ్వరి బీడీలు చుట్టే చేటను పక్కన పెట్టి, అతని ముఖంలోకి చూసి, "గిప్పుడు నువ్వు నా పెండ్లినాటి మనిషి లెక్క ఉన్నవయ్యా" అంది. ఆ మాట కోసమే మరో నలభై రోజులైనా తవ్వుదామనిపించింది అతనికి.

ఇంత మంచి చోటికి వినోద్‌కుమార్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చింది హన్మంతే. ఆ తరువాత ఎన్నిసార్లు నొచ్చుకున్నాడో ఆ స్వామికే తెలియాలి.

వినోద్‌ది వర్ని దారిలోని తండా. పాతికేళ్లవాడు. చెరుకు కోతలయ్యాక మిల్లులో హమాలీగా చేరాడు. తండ్రి పోయిన దుఃఖంలో అన్నం డబ్బా మూత కూడా తీయకుండా గోడవారగా కూర్చునేవాడు. హన్మంతుకు జాలేసింది. ఉస్తాదు తనకు చెప్పిన మాటే వాడికి చెప్పాడు. వాడు వచ్చాడు, నలభై రోజులు నోరెత్తకుండా తవ్వాడు, మనిషిలో కళ తిరిగింది.

అక్కడిదాకా బాగానే ఉంది. రెండేళ్లు గడిచేసరికి వినోద్ నేలకు చేతులాన్చి తీసే దండీలను ఉస్తాదు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఉస్తాదు పైకి లెక్కపెట్టాడంటే ఆ మనిషి మీద ఆశ పెట్టుకున్నాడని అర్థం. "తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది... నూరు! శెభాష్ బిడ్డా!" ఆ గొంతు వినబడ్డప్పుడల్లా హన్మంతు చేతిలోని పార కొంచెం లోతుగా దిగేది. తనకు కూడా అలాగే లెక్కపెట్టేవాడు ఉస్తాదు, మొన్నమొన్నటిదాకా. ఇప్పుడు తన కుడిభుజం నూటికి ముందే పట్టేస్తోంది. జేబులోంచి నాలుగు బాదంపప్పులు తీసి ఉస్తాదు వినోద్ అరచేతిలో పోస్తే, హన్మంతు స్వామివైపు తిరిగి వత్తి సరిచేస్తూ నిలబడేవాడు. వత్తి సరిగానే ఉండేది.

వాడు చెడ్డవాడైతే హన్మంతు మనసుకు కాస్త నెమ్మదిగా ఉండేది. హన్మంతు భుజం పట్టేసిన రోజున అడగకుండానే అతని వంతు బస్తాలు మోసేవాడు. భార్య రేఖ జొన్నరొట్టెలు కడితే మొదటి రొట్టె అన్నకే. కోపం తెచ్చుకోవడానికి ఒక్క తప్పు దొరికితే బాగుండునని హన్మంతు రోజూ వెతికేవాడు. దొరికేది కాదు. దాంతో ఇంకా మండేది.

ఆ ఏడు హనుమాన్ జాతర దగ్గరపడింది. చుట్టుపక్కల జాతరల్లో కుస్తీలు చిన్నవాటితో మొదలవుతాయి. మొదటివి పిల్లల కుస్తీలు. గెలిచినవాడికి కొబ్బరికాయ ఇస్తారు. వాటిని కొబ్బరికాయ కుస్తీలనే అంటారు. ఆఖరిది పెద్ద కుస్తీ. దానికి ఐదు తులాల వెండి కడెం. నిరుడు ఆ కడెం కోసం హన్మంతు పిట్లం పహిల్వాన్‌తో పట్టి బరాబర్ చేశాడు. ఇద్దరిలో ఎవరూ వెల్లకిలా పడలేదు. ఈసారి కొట్టాలి. వచ్చే ఏటికి ఈ భుజం ఉంటుందో ఉండదో. మహేశ్వరికి ఆ కడెం చూపించి, ఒకనాడు తాగి పడిపోయిన నా చేతికే వచ్చిందని చెప్పాలి. అతని మనసంతా దాని మీదే ఉంది.

జాతర ముందురోజు సాయంత్రం ఉస్తాదు అందరినీ కూర్చోబెట్టి ఎవరు ఏ కుస్తీ పట్టాలో చెప్పాడు.

"ఆఖరి కుస్తీ పిట్లం పహిల్వాన్ మీద వినోద్ పడ్తడు."

హన్మంతు తలెత్తలేదు. ఉస్తాదు అతనివైపు తిరిగి చిన్నగా నవ్వాడు. "హన్మంతూ, రేపు కొబ్బరికాయ నీది."

అప్పుడే ఫోన్ మోగితే, మైకు మనిషితో మాట్లాడుతూ ఉస్తాదు బయటికి వెళ్లిపోయాడు. హన్మంతు పక్కన కూర్చున్న సమ్మన్న అనే హమాలీ నోరు ఊరుకోలేదు.

"బావా, పోరగాండ్లను జర పైలంగ పట్టు. ఎముకలు లేతగుంటయ్."

అందరూ నవ్వారు. వినోద్ నవ్వలేదు. హన్మంతుకు అది కూడా గుచ్చుకుంది. ఎనిమిదేళ్లు మట్టి తవ్వినవాడికి మీసాలు రాని పిల్లల కుస్తీనా?

మర్నాడు తెల్లవారుతుండగా అతను జాతర మైదానానికి వెళ్లాడు. ట్రాక్టరుతో తోలిన మట్టి అక్కడ గుంటలో పోసి ఉంది. దాన్ని తవ్వి గుల్ల చేయడం ఏటా అతని పనే. మూడు వైపులా తవ్వాడు. తూర్పు మూలకు వచ్చేసరికి, ట్రాక్టరు చక్రం తొక్కి తొక్కి నేల బండలా బిగిసి ఉంది. పార ఎత్తాడు. దించాడు. అటూ ఇటూ చూశాడు. రెండు తట్టల గుల్లమట్టి తెచ్చి ఆ మూల మీద పోసి కాలితో సమంగా పరిచాడు.

చూస్తే ఏమీ తెలియదు. ఎవరైనా సరిగ్గా ఇక్కడే పడాలని ఏముంది అని తనకు తాను చెప్పుకున్నాడు. పెద్ద కుస్తీలు మధ్యలో మొదలై మూలల్లో ముగుస్తాయని అతనికి తెలియంది కాదు. పార అక్కడే పడేసి, ఆ పూట తాలీంకు దీపం పెట్టడానికి కూడా వెళ్లకుండా ఇంటికి నడిచాడు. చాలాసేపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మైదానంలో డప్పులు మొదలయ్యాక మహేశ్వరి వచ్చి లేపింది. ఆమె చేతిలో కొత్త ఎర్ర రుమాలు.

"ఏందయ్యా, ఇంకా పండుకున్నవు? వినోద్ ఒచ్చి గీ రుమాలు ఇచ్చి పోయిండు. నిద్రల ఉన్నవని లేపనియ్యలే. కాయ కొట్టెటోనికి తలపాగ ఉండాలెనట."

"కాయ కొట్టెటోడా?"

"నువ్వే కదా! ఇన్నేండ్ల సంది కుస్తీలకు ముంగట ఉస్తాదే కాయ కొడ్తుండె. గీ ఏడు నీతోని కొట్టిపిస్తడట. మట్టిని సాదినోడే కొట్టాలె అన్నడట. నీకు చెప్పలేదా?"

చెప్పాడు. కొబ్బరికాయ నీది అని చెప్పాడు. హన్మంతు మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. గెలుచుకునే కాయ ఒకటే అతనికి గుర్తొచ్చింది. స్వామి పేర గుంట అంచున కొట్టే కాయ గుర్తే రాలేదు. ఏటా తన కళ్ల ముందే కొడుతున్నా, అది ఉస్తాదుకు తప్ప ఇంకొకరికి రాగలదని ఊహించనే లేదు.

రుమాలు చుట్టుకుంటూనే పరుగెత్తాడు.

మైదానం నిండిపోయింది. పల్లెపల్లె నుంచి జనం, ఐస్ బండ్లు, పీకలూదే పిల్లలు. అతను గుంట దగ్గరికి చేరేసరికి మైకులో తన పేరే వినబడింది. "ఎనిమిదేండ్ల సంది తాలీం మట్టిని సాదిన మన హన్మంతన్న చేతుల మీద..." ఉస్తాదు రెండు చేతులతో కొబ్బరికాయ అందించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వినోద్ అందరికన్నా గట్టిగా కొట్టాడు.

హన్మంతు కాయను కళ్లకద్దుకుని, గుంట అంచున మెల్లగా కింద పెట్టాడు.

"పార ఇయ్యుండ్రి."

"ఏంది బావా, కాయను పారతోని కొడ్తవా?" సమ్మన్న అరిచాడు. గుంట చుట్టూ నవ్వులు.

పార అక్కడే ఉంది. పొద్దున తాను పడేసిన చోటే. తీసుకుని తూర్పు మూలకు నడిచి ఒక్క దెబ్బ వేశాడు. పైమట్టి చెదిరి, పార కింది నేలకు తగిలి ఠంగుమంది. ఆ చప్పుడుకు నవ్వులు ఆగిపోయాయి. కుస్తీ తెలిసినవాళ్ల ఊరు అది. ఆ చప్పుడుకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

హన్మంతు తల దించుకునే అన్నాడు. "ఉస్తాద్, గీ మూల నేనే ఇడిసిన. మర్సిపోయి ఇడువలే."

ఉస్తాదు వచ్చి ఆ బిగిసిన నేలను మడమతో తొక్కి చూశాడు. ఆయన కన్నుల్లో నీళ్లు తిరిగాయో, ఎండ పడిందో. "మరి తవ్వు" అన్నాడు.

తవ్వసాగాడు. నాలుగు దెబ్బలు వేశాడో లేదో పక్కన గడ్డపార దిగింది. వినోద్.

"పక్కకు జరుగు. నువ్వు అలిసిపోవద్దు. ఇంకోడు తవ్వుతడు" అన్నాడు హన్మంతు.

"నలభై దినాలు తవ్విపిచ్చింది నువ్వే కదన్నా. గింతకే అలిసిపోతనా?"

"నీ నడుము ఇరిగేదిర, గీడ పడితే."

"ఇరగలే కదా" అన్నాడు వాడు, గడ్డపార మళ్లీ ఎత్తుతూ.

వాడలా పక్కనే వంగి తవ్వుతుంటే హన్మంతు ఒళ్లు మళ్లీ మండింది. చేసిన తప్పును కూడా ఒక్కణ్ణే మొయ్యనివ్వడు! బస్తాల్లాగే దీన్ని కూడా పంచుకుంటాడు!

మూల గుల్లయ్యాక హన్మంతు చేతులు కడుక్కున్నాడు. ఇంకెవరికైనా ఇవ్వమని కాయను ఉస్తాదు ముందు పెట్టాడు. ఉస్తాదు దాన్ని ముట్టుకోలేదు. "నీదని చెప్పిన కదా" అన్నాడు. హన్మంతు కొట్టాడు. కాయ రెండు చిప్పలుగా సమంగా పగిలింది.

పిల్లల కుస్తీలు, ఆ తరువాతివి అయిపోయాయి. పొద్దు వాలుతుండగా ఆఖరి కుస్తీ పడింది. పావుగంట సేపు వినోద్, పిట్లం పహిల్వాన్ తలలు ఆనించి మట్టిలో తిరిగారు. వినోద్ బాగా పట్టాడు. ఒక దశలో గెలిచేశాడనే అనుకున్నారు. పహిల్వాన్ పాతకాపు. నడుము కింద చెయ్యి దూర్చి, తూర్పువైపు నెట్టుకుంటూ పోయి, ఎత్తి కొట్టాడు. వినోద్ వెల్లకిలా, సరిగ్గా ఆ మూలలో పడ్డాడు.

హన్మంతు కళ్లు మూసుకుని స్వామిని తలుచుకున్నాడు. తెరిచేసరికి వాడు మోకాళ్ల మీద లేస్తున్నాడు. వీపంతా మట్టి, ఒక్క గీత లేదు. దేవుడా, దయ చూపావు అనుకున్నాడు. ఆ వెనకే, కడెం వీడికీ దక్కలేదులే అని ఒక చిన్న సంతోషం దొంగలా దూరింది. దాన్ని తరిమేయమని కూడా స్వామినే వేడుకున్నాడు. పూర్తిగా పోలేదు. బాగా పట్టాడని ఓడినవాణ్ణే జనం భుజాల మీదికి ఎత్తుకుని గంతులేస్తుంటే, ఆ సంతోషం దానంతటదే పోయింది.

జనం దించాక వాడి వీపు మీది మట్టి హన్మంతే తుడిచాడు.

"మెత్తగ ఉండెనన్నా మట్టి" అన్నాడు వినోద్.

వెనక నుంచి ఉస్తాదు గొంతు వినబడింది. "హన్మంతూ, రేపటి సంది నలభై దినాలు. ఉత్త తవ్వుడే. ఎవ్వని మీద చెయ్యి వెయ్యొద్దు."

"అట్లనే ఉస్తాద్" అన్నాడు. పొమ్మనలేదు. అతనికి అది చాలు.

మర్నాడు అందరికన్నా ముందే వచ్చాడు. స్వామికి రెండు దీపాలు పెట్టాడు, నిన్నటిదొకటి, నేటిదొకటి. పార అందుకున్నాడు. కాసేపటికి వినోద్ దండీలు మొదలుపెట్టాడు, ఉస్తాదు పైకి లెక్కపెడుతున్నాడు. హన్మంతు తన పార దెబ్బలు లోలోపల లెక్కపెట్టుకుంటున్నాడు. అక్కడ నూరు అయ్యేసరికి ఇక్కడ నూట పన్నెండు. చెమట తుడుచుకుని వినోద్ వైపు ఓరగా చూశాడు.

ఇంకా ముప్పై తొమ్మిది రోజులు. నలభై ఒకటో నాడు మొదటి పట్టు వీడి మీదే.