శరణప్ప కళ్లు

అది 2022. జహీరాబాద్ బస్టాండ్ దగ్గర ఒక గుర్తింపు కార్డుల కేంద్రంలో ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. దిక్కులేనివాళ్ల కోసం ఆశ్రమం నడిపే సుజాతమ్మ, హైవే మీద తిరుగుతుంటే చేరదీసిన ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది. అతను పేరు చెప్పడు, ఊరు చెప్పడు.

"కార్డు లేకుంటే దవాఖానల తిప్పలైతుంది సార్, జర చూడున్రి" అంది.

వేలిముద్రలు అరిగిపోయి సరిగా పడలేదు. ఐరిస్ స్కానర్ పెట్టాను. ఐరిస్ అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం. అందులోని సన్నని గీతలు, మడతలు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో వాటిని ఫోటో తీస్తుంది. కంప్యూటర్ ఆ అల్లికను కోడ్‌గా మార్చి, అంతకుముందున్న కోడ్‌లతో పోల్చి చూస్తుంది.

కొన్నాళ్లకు దరఖాస్తు 'డూప్లికేట్' అని తిరిగొచ్చింది. అంటే ఇవే కళ్లతో కార్డు ముందే ఉందన్నమాట. పై అధికారుల ద్వారా ఆరా తీస్తే, పేరు శరణప్ప అనీ, న్యాల్‌కల్ పక్క పల్లె అనీ తేలింది. సుజాతమ్మ సంబరపడి ఇంటికి కబురు పంపింది.

అతను వచ్చే రోజు నేనూ ఆశ్రమానికి వెళ్లాను. శరణప్ప తమ్ముడు బస్వరాజ్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. అప్పటిదాకా ఎవరితోనూ మాట కలపని శరణప్ప అతణ్ణి చూడగానే, "బసూ, తిన్నవా?" అన్నాడు.

"ఈయన మా అన్న కాదు సార్" అన్నాడు బస్వరాజ్.

"కళ్ల గీతలు కలిసినయి. మనిషి ఎంత మారినా ఐరిస్ మారదు" అన్నాను.

"మెషిన్ తప్పు చెప్తుండొచ్చు."

బయటికి తీసుకెళ్లి గట్టిగా అడిగాను.

"ఈయన తప్పిపోయినంక, లారీ కింద మొకం తెల్వకుంట నలిగిన శవం మా అన్నదే అంటే దినాలు గూడ చేసినం సార్. తర్వాత పెద్దమనుషులు వదినను నాకే ఇచ్చి పెండ్లి చేసిన్రు. మాకు బిడ్డ పుట్టింది. గిప్పుడు ఈయన్ని తీస్కపోయి ఆమెకు ఏమని చెప్పాలె?"

"ఆమెను ఒక్కసారి అడుగు."

"అడగ. మీరు గూడ చెప్పకున్రి" అని బండెక్కి వెళ్లిపోయాడు. కోపం ముంచుకొచ్చింది, కానీ ఎవరి మీద చూపాలో తెలియలేదు. లోపల శరణప్ప, "బసు యాడికి పోయిండు?" అని సుజాతమ్మను అడుగుతున్నాడు.

తర్వాత అతని కార్డులో చిరునామా ఆశ్రమానికి మార్చాను. కేరాఫ్ దగ్గర ఎవరి పేరు పెట్టాలంటే, సుజాతమ్మ తన పేరే చెప్పింది.

కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఐరిస్‌ను ఎంతవరకు నమ్మొచ్చని అడుగుతుంటారు. మనిషెవరో అది చెబుతుందంటాను. మావాడే అని చెప్పాల్సింది మాత్రం ఇంటివాళ్లు. వాళ్లు కాదన్న రోజున, మా మెషిన్ చెప్పిన నిజం ఎందుకూ పనికిరాలేదు.